మానవచ్చు

మొరమాంగ సంత వెనక, రేకుల షెడ్డులో
బకూలి గోతాం దించింది.
పదకొండు కిలోల పచ్చి ఆకు.
కాటా దగ్గర రలాంబు తడికని ఒక కిలో కోశాడు,
మట్టికని అరకిలో,
బయట వాన పడుతోందని ఇంకో అరకిలో.
తొమ్మిదికే డబ్బు.
ఆమె ఏమీ అనలేదు. వేళ్ళు చూసుకుంది.
వరిగట్ల వెంట పొద్దున్నించీ వంగి వంగి
నాని, తెల్లబారి, గోళ్ళ పక్కన చీలిన వేళ్ళు.

నేలకి చెవి ఆనించి ఏదో వింటున్నట్టుండే
గుండ్రటి చిన్న ఆకు.
తలపెట్రక అంటారిక్కడ.
మా అమ్మమ్మ ఆ పేరూ వాడేది కాదు,
"అదిగో, పుళ్ళాకు" అనేది.

ఆరేళ్ళప్పుడు
అడుగంటిన అన్నంలో పోసి కాచిన నీళ్ళు
నా ఎడమ ముంజేతి మీద ఒలికాయి.
వాటిని మేం బంగారు నీళ్ళంటాం.
అమ్మమ్మ ఆకు కడిగి, రాతి మీద నూరి,
ఉతికిన గుడ్డ చుట్టి కట్టింది.
రోజూ కట్టు విప్పుతూ
"మానవచ్చులే" అనేది.
మానుతుంది అని ఒక్కరోజూ అనలేదు.
అన్నప్పుడు పుండుకేసి చూసేది కాదు,
నాకేసి చూసేది.

పుండు మానింది.
మచ్చ ఉంది. వానపాము పాకిన తోవలా,
చలికాలం కొంచెం బిగుస్తుంది.

ఇప్పుడు నా పని
ఆ ఆకునే ఎండబెట్టి, పొడిచేసి, ఆల్కహాల్లో నానబెట్టి
సన్నటి గొట్టంలోంచి పంపి
తెర ముందు కూర్చోవడం.
గీత చాలాసేపు చదునుగా పోతుంది, పొలంలా.
ఆ తర్వాత లేస్తాయి నాలుగు కొండలు.
మొదటిదానికి మా దీవి పేరే పెట్టారు, మడెకాసోసైడ్.
దాని పక్కన ఏసియాటికోసైడ్,
వెనక రెండు ఆమ్లాలు, అన్నదమ్ముల్లా.
ఆ కొండల మీద వాన కురవదు.
ఎవరి నడుమూ నొప్పి పుట్టదు.

ఈసారి ఎత్తైన కొండ బకూలి గోతాంలోదే.
రాశాను: లాటు నంబరు, తేమ శాతం, కోసిన తేదీ.
పేరుకి గడి లేదు.

నిన్న సముద్రం అవతలి నించి
ట్యూబు మీద అచ్చేసే మాటలు వచ్చాయి, సరిచూడమని.
చర్మం బిగువు పెరగవచ్చు.
ఎరుపు తగ్గవచ్చు.
మచ్చ పలచబడవచ్చు.
వకీలు కూర్చుని ఒక్కో వాక్యం చివరా
ఓ కిటికీ పెట్టాడు, దూకి పారిపోవడానికి.
నవ్వొచ్చింది నాకు.
తర్వాత అమ్మమ్మ గుర్తొచ్చింది, నవ్వు ఆగిపోయింది.
ఆవిడకీ తెలియదు. వీళ్ళకీ పూర్తిగా తెలియదు.
ఒకే మాట. కానీ ఆవిడ ఆ మాట అన్నాక
ఎక్కడికీ పోలేదు.

గురువారం నమూనాల కోసం సంతకి వెళ్తూ
పరీక్షకిచ్చిన డబ్బా ఒకటి జేబులో వేసుకున్నాను.
బకూలి మూత తీసి వాసన చూసింది.
"ఏదీ, ఆకేదీ ఇందులో?"
రంగు తీసేశారు, చేదు తీసేశారు, బురద వాసన తీసేశారు.
"మిగిలింది మంచిదే" అన్నాను, నాకే సందేహంగా.
ఆమె ఆలోచించి
కుడిచేతికి మాత్రం రాసుకుంది.
"ఎడమదానికి పచ్చాకు నూరి కడతా.
వచ్చే గురువారం చూద్దాం, ఎవరు గెలుస్తారో."
మా ప్రయోగశాలలో ఇంత శుభ్రంగా
ఎవరూ ఆలోచించరు.

వారమంతా నేనే ఎక్కువ ఎదురుచూశాను.

వచ్చింది.
రెండు చేతులూ చాపింది.
రెండూ చీలే ఉన్నాయి.
"ఆరు రోజులూ నీళ్ళలోనే కదా" అంది,
పందెంలో ఓడిన పిల్లలా నవ్వి.
ఏ డబ్బా, ఏ ఆకు
నీళ్ళలోంచి చెయ్యి బయటికి తీయగలదు?

రలాంబు గోతాం కాటా మీదకి ఎత్తాడు.
తడికి ఎంత కోయాలా అని ముల్లు వైపు వంగాడు.
నేను పక్కన నిలబడి, కాగితాలు చూస్తున్నట్టే
నా ఎడమ ముంజెయ్యి కాటా అంచున ఆనించాను,
కొంచెం.
మచ్చ ఉన్న వైపు.

రలాంబు ముల్లు చూశాడు. నా చెయ్యి చూశాడు.
పన్నెండున్నర, అని రాసుకున్నాడు.